ఒంట్లో బలం ఎక్కడి నుండి వస్తుంది?



మన ఆసుపత్రి ఓ.పి.లో రోజూ వినబడే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, ఒంట్ల బలం లేదు, ఒక్క గులుకోజు సీస ఎక్కియ్యుండ్రి." పత్తి ఏరి ఏరి అలసిపోయిన తల్లులు అడుగుతారు, నాట్లకు పోయి నడుము పట్టుకుని వచ్చినవారు అడుగుతారు, ముసలి తండ్రిని ఆటోలో తీసుకొచ్చిన కొడుకులూ అడుగుతారు. డాక్టరు గారు అవసరం లేదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. కొందరు గేటు దాటి ఇంకొకచోట పెట్టించుకుని ఇంటికి పోతారు. వారిని తప్పుపట్టి లాభం లేదు. బలం అంటే ఏమిటి, అది ఎక్కడ తయారవుతుంది, ఒంట్లోకి ఏ దారిన వస్తుంది అన్నది వారికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ సంచికలో అది చెప్పాలని నా ప్రయత్నం. బడిలో చదివిన సైన్సు పాఠం కొంత గుర్తు చేయవలసి వస్తుంది, ఓపికగా చదవండి.

సీసాలో ఏముంది?

మనం గ్లూకోజు సీసా అని పిలిచేది సాధారణంగా అర లీటరు నీళ్లలో 5 శాతం గ్లూకోజు కలిపినది. అంటే సీసా మొత్తంలో ఉన్న గ్లూకోజు 25 గ్రాములు. ఇంట్లో టీలో వేసుకునే చిన్న స్పూనుతో కొలిస్తే అయిదు స్పూన్ల చక్కెరంత. దాని నుండి వచ్చే శక్తి నూరు కేలరీలు దాటదు. ఒక కప్పు అన్నంలో దాదాపు 200 కేలరీలు ఉంటాయి. పొలం పని చేసే మనిషికి రోజుకు 2000 కేలరీలకు పైగానే కావాలి. ఆ లెక్కన సీసాలతోనే బలం తెచ్చుకోవాలంటే రోజుకు ఇరవైకి పైగా సీసాలు ఎక్కించాలి. అంటే పది లీటర్ల నీళ్లు! బలం మాట దేవుడెరుగు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషికి ఊపిరాడదు.

ఇక సెలైన్ సీసా సంగతి. అది ఉప్పు నీళ్లు. అర లీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. కేలరీ ఒక్కటి కూడా లేదు.

"మరి ఎక్కించుకుంటే హుషారుగా ఉంటది గదా" అంటారు. నిజమే, ఉంటుంది. ఎండలో పని చేసి చెమట పట్టి, నీళ్లు సరిగా తాగని మనిషి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గిపోతాయి. సీసాతో అవి తిరిగి చేరతాయి. పైగా ఫ్యాను కింద రెండు గంటలు కదలకుండా పడుకుంటారు. ఇంట్లో ఆడవారికి ఆ రెండు గంటలు ఎప్పుడు దొరికాయి గనుక? ఉప్పు వేసిన మజ్జిగ రెండు చెంబులు తాగి, ఆ రెండు గంటలు ఇంట్లోనే నడుము వాల్చినా చాలామందికి అదే హుషారు వస్తుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వాంతులు విరేచనాలు ఆగకపోయినప్పుడు, డెంగ్యూలో, ఆపరేషన్ల సమయంలో, నోటితో ఏమీ తీసుకోలేనప్పుడు, షుగరు బాగా పడిపోయినప్పుడు ఈ సీసాలు ప్రాణం నిలబెడతాయి. డాక్టరు గారు పెట్టమన్న సీసాను వద్దనకండి. బలం కోసం మీరు అడిగి పెట్టించుకునే సీసా గురించే నేను చెబుతున్నాను.

ఆకులో మొదలు

బలం సీసాలో లేదంటే మరెక్కడ ఉంది? అన్నంలో ఉంది. అన్నంలోకి ఎక్కడి నుండి వచ్చింది? వరి ఆకులో నుండి. ఆకులోకి? ఎండలో నుండి. మనం నవ్వినా, నడిచినా, నాగలి పట్టినా, పాట పాడినా ఖర్చయ్యేది ఒకప్పుడు ఏదో ఒక ఆకు మీద పడిన ఎండే.

ఆకు చేసే పనిని కిరణజన్య సంయోగక్రియ అని బడిలో చెప్పారు. పేరు పెద్దది గాని విషయం సులువు. వేర్లు నీళ్లు తెస్తాయి. ఆకు మీద కంటికి కనబడని సన్నని రంధ్రాల గుండా గాలిలోని కార్బన్ డయాక్సైడు లోపలికి వెళుతుంది. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం ఎండను పట్టుకుంటుంది. ఆ ఎండ బలంతో ఆకు నీటిని విడగొట్టి, అందులోని ఆక్సిజనును బయటకు వదిలి, మిగిలిన దానిని కార్బన్ డయాక్సైడుతో కలిపి చక్కెర తయారు చేస్తుంది. ఆ చక్కెరను గొలుసులుగా కట్టి దాచుకుంటే అది పిండి పదార్థం. వరి గింజలో, మక్క గింజలో, చామగడ్డలో ఉన్నది అదే. మా నర్సులకు దీని గుర్తు బాగా తెలుసు. గంజి పెట్టిన దుప్పటి మీద అయోడిన్ చుక్క పడితే గోధుమ రంగు పోయి నల్లటి నీలిరంగు తేలుతుంది. పిండి పదార్థం ఉన్న చోట అయోడిన్ ఆ రంగుకు మారుతుంది. ఎండలో ఉన్న ఆకులో పిండి ఉందని పిల్లలకు బడిలో చూపించే పరీక్ష కూడా అదే.

మన రైతు సోదరులు ఒక మాట గమనించాలి. బస్తా యూరియా చల్లితే పైరు ఏపుగా వస్తుంది కాబట్టి యూరియాయే పైరుకు అన్నం అనుకుంటాం. కాదు. ఎండిన వడ్ల బరువులో చాలా భాగం గాలి నుండి, నీటి నుండి వచ్చినదే. నేల ఇచ్చేది కొద్దిగానే, అయితే ఆ కొద్ది లేకపోతే పని నడవదు. యూరియాలోని నత్రజని లేకపోతే పత్రహరితం తగ్గి ఆకు పసుపు పచ్చగా అవుతుంది, ఎండను పట్టుకోలేదు. పత్తి చేనులో ఆకులు ఎర్రబారితే మెగ్నీషియం సల్ఫేటు పిచికారీ చేయమని వ్యవసాయ అధికారులు చెప్పడం మీలో చాలామంది వినే ఉంటారు. పత్రహరితం నట్టనడుమ ఉండేది మెగ్నీషియం. మన రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లోని ముఖ్య భాగం కట్టడంలో పత్రహరితాన్ని చాలా పోలి ఉంటుంది. తేడా ఏమిటంటే అక్కడ నడుమ మెగ్నీషియం ఉంటే ఇక్కడ ఇనుము ఉంటుంది. ఆకు పాలిపోవడానికీ, మన తల్లుల కనురెప్పల లోపలి భాగం పాలిపోవడానికీ ఇంత దగ్గరి పోలిక ఉంది. ఇనుము సంగతి మళ్లీ వస్తుంది.

ఈ సంగతి కనుక్కున్న వారిలో ఒకరు మతబోధకుడు, ఒకరు వైద్యుడు. ఇంగ్లాండులో బోధకుడిగా ఉన్న జోసెఫ్ ప్రీస్ట్లీ 1771లో మూసిన గాజు పాత్రలో కొవ్వొత్తి వెలిగించి అది ఆరిపోయేదాకా ఉంచాడు. ఆ పాడైన గాలిలో పుదీనా రెమ్మ పెట్టి కొన్ని రోజులు ఉంచితే, అదే గాలిలో మళ్లీ కొవ్వొత్తి వెలిగింది. చెట్టు గాలిని బాగు చేస్తుందని తేలింది. హాలెండు దేశపు వైద్యుడు ఇంగెన్‌హౌస్ 1779లో ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఆ పని ఎండలోనే జరుగుతుందనీ, చెట్టులోని పచ్చని భాగాలే చేస్తాయనీ చూపించాడు. ఆదికాండము మొదటి అధ్యాయములో వెలుగు ముందు, మొక్కలు తరువాత, జంతువులూ మనుషులూ ఆ తరువాత వచ్చిన వరుస చదివినప్పుడల్లా నాకు ఈ ఆకు పని గుర్తుకు వస్తుంది.

ఊపిరితో మండే అన్నం

తిన్న అన్నం కడుపులో అరిగి గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. అక్కడితో బలం వచ్చేసిందని అనుకోకండి. కట్టెలు పొయ్యి దగ్గరకు చేరినంత మాత్రాన అన్నం ఉడకదు గదా. గాలి తగిలి అవి మండాలి. ఒంట్లో ఆ గాలి ఆక్సిజను. ఊపిరితిత్తులలో రక్తం దానిని ఎక్కించుకుని ప్రతి కణానికీ మోసుకుపోతుంది. కణం లోపల మైటోకాండ్రియా అనే అతి చిన్న పొయ్యిలు ఉంటాయి. కణ శక్త్యాగారాలు అని బడి పుస్తకాలలో రాసేది వీటినే. అక్కడ గ్లూకోజు ఆక్సిజనుతో కలిసి మంట లేకుండా, మెల్లమెల్లగా మండుతుంది. చివరకు మిగిలేవి కార్బన్ డయాక్సైడు, నీరు. అంటే ఆకు ఏ రెంటితో మొదలుపెట్టిందో సరిగ్గా ఆ రెండే. మనం వదిలిన ఊపిరిలో అవి బయటకు పోతాయి. చలివాగు కింది వరి మడి మళ్లీ వాటిని పట్టుకోవచ్చు.

శ్వాసక్రియ అంటే ముక్కుతో గాలి పీల్చడం ఒక్కటే అనుకుంటాం. అసలు శ్వాస కణంలో జరుగుతుంది. ముక్కు దానికి వాకిలి మాత్రమే.

గింజ కూడా ఊపిరి తీసుకుంటుంది. నమ్మకం లేకపోతే కల్లంలో చూడండి. తడి ఆరని వడ్లు కుప్ప పోసి టార్పాలిన్ కప్పి మర్నాడు చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగులుతుంది. తేమ ఎక్కువైతే గింజ ఊపిరి వేగమవుతుంది, బూజు కూడా తోడవుతుంది. దాచుకున్న పిండి మండి వేడి పుడుతుంది, వడ్లు రంగు మారతాయి, తూకం తగ్గుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదని మిషను పెట్టి చూసేది అందుకే. మన ఒళ్లు వెచ్చగా ఉండడానికి కారణం కూడా అదే వేడి. గ్లూకోజులోని శక్తిలో సగానికి పైగా వేడిగా పోతుంది. ప్రాణం పోయిన ఒళ్లు చల్లబడిందంటే ఈ పొయ్యిలన్నీ ఆరిపోయాయని అర్థం.

మరి మిగిలిన శక్తి ఏమవుతుంది? దీనిని కనుక్కున్న వారిలో ఒకరు మన తెలుగు బిడ్డ. ఈ మాట మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

భీమవరం నుండి బోస్టనుకు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ గదిలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు అక్కడి తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. కాకుండా తక్కువదిగా చూసే ఎల్.ఎం.ఎస్. పట్టానే దక్కింది. ఆ పట్టాతోనే అమెరికా వెళ్లి బోస్టనులోని హార్వర్డులో చేరారు. వెళ్లిన కొత్తలో ఖర్చులకు చాలక ఒక ఆసుపత్రిలో రాత్రిపూట వార్డుబాయి పని చేశారు. రోగుల బెడ్‌పాన్‌లు కడిగిన చేతులతోనే పగలు ప్రయోగాలు చేశారు. మా వార్డులో పనిచేసే పిల్లలకు నేను ఈ మాట చెబుతుంటాను.

సైరస్ ఫిస్కె అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఆయన ప్రకటించారు. ఆ పద్ధతి వారిద్దరి పేర్లతోనే ప్రపంచమంతటా ల్యాబులలో వాడుకలోకి వచ్చింది. దానితో కండరాలను పరీక్షిస్తూ పోగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం, 1929లో ఎ.టి.పి. అనే పదార్థం దొరికాయి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా ఎ.టి.పి.ని కనుక్కున్నాడు. అంతకు ముందు కండరానికి బలం లాక్టిక్ ఆమ్లం నుండి వస్తుందని పెద్ద పెద్ద వారే అనుకునేవారు. ఆ ఆలోచన మారిపోయింది.

ఎ.టి.పి. అంటే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అది చేసే పని ఇలా ఊహించుకోండి. పరకాల నుండి హన్మకొండ బస్సెక్కి కండక్టరుకు 500 నోటు ఇస్తే చిల్లర లేదని విసుక్కుంటాడు. గ్లూకోజు ఆ 500 నోటు లాంటిది. కండరం, మెదడు, గుండె, ఇవేవీ ఆ నోటును నేరుగా తీసుకోవు. మైటోకాండ్రియా దానిని చిల్లర చేసి ఇస్తాయి. ఆ చిల్లర నాణెమే ఎ.టి.పి. అందులో మూడు ఫాస్ఫేట్లు వరుసగా ఉంటాయి. చివరిది తెగినప్పుడు విడుదలయ్యే శక్తితో కండరం ముడుచుకుంటుంది, గుండె కొట్టుకుంటుంది. తెగినదానికి మళ్లీ ఫాస్ఫేటు తగిలించే పని శ్వాసక్రియది. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఎ.టి.పి. కొద్దిగానే ఉంటుంది. కాని అదే ఖర్చవుతూ, మళ్లీ తయారవుతూ ఉంటుంది గనుక, రోజంతా తయారైనది లెక్క కడితే దాదాపు మన ఒంటి బరువంత అవుతుంది!

ఆక్సిజను బాగా అందితే ఒక గ్లూకోజుకు 30 దాకా నాణేలు వస్తాయి. అందకపోతే రెండే. బస్సు వెంట పరుగెత్తినప్పుడు కాళ్లు మండినట్లవడం మీకు అనుభవమే. ఆ కాసేపు కాలి కండరాలకు ఆక్సిజను చాలక, రెండు నాణేల పద్ధతిలో నెట్టుకొస్తాయి. ఈస్టు అనే సూక్ష్మజీవి కూడా గాలి లేని చోట రెండు నాణేలతోనే బతుకుతుంది. తాటికల్లు పొంగు మీద కనబడే బుడగలు అది వదిలిన కార్బన్ డయాక్సైడు. మత్తు కూడా దాని పుణ్యమే. ఈస్టు అలా బతకగలదు గాని మన మెదడు బతకలేదు. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా శక్తిలో అయిదో వంతు అదే వాడుకుంటుంది. ఆక్సిజను పూర్తిగా ఆగిపోతే నాలుగైదు నిమిషాలలో దానికి దెబ్బ తగులుతుంది. అన్నాన్ని ఒళ్లు కొవ్వుగా దాచుకోగలదు, కొన్ని వారాలకు సరిపోతుంది. ఆక్సిజనును దాచుకోలేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో సిలిండర్ల కోసం జనం పరుగులు పెట్టింది ఇందుకే.

నీటిలో మునిగిన పిల్లవాడికి నోటితో ఊపిరి ఊదితే అది పాడైన గాలి కాదా అని మొన్న ఒక టీచరమ్మ అడిగారు. బయటి గాలిలో ఆక్సిజను 21 శాతం ఉంటే మనం వదిలే ఊపిరిలో ఇంకా 16 శాతం దాకా మిగిలే ఉంటుంది. ప్రాణం నిలబెట్టడానికి అది చాలు. ఊదండి.

మరి నీరసం ఎందుకు?

ఇప్పుడు మళ్లీ ఓ.పి.కి వద్దాం. బలం రావాలంటే కట్టె కావాలి, గాలి కావాలి, గాలిని మోసే బండి కావాలి, కట్టె పొయ్యిలోకి పోయే తలుపు తెరుచుకోవాలి. వీటిలో ఏది చెడినా మనిషి చెప్పేది ఒకటే మాట, ఒంట్ల బలం లేదని. సీసా పెడితే అందేది కొంచెం కట్టె మాత్రమే. మన దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి కొరత కట్టెలది కానే కాదు.

ఎక్కువగా చెడేది బండి. హిమోగ్లోబిన్ తక్కువైతే తిన్న అన్నం ఉంటుంది, పీల్చిన గాలి ఉంటుంది, కాని కణం దాకా ఆక్సిజను చాలినంత చేరదు. మన రాష్ట్రంలో స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఊళ్లో వరుసగా నాలుగు సీసాలు పెట్టించుకుని వచ్చిన ఒక తల్లికి పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 5 గ్రాములే ఉంది. ఉండవలసింది 12, గర్భిణికైతే 11. మెట్లు ఎక్కితే గుండె దడ, కాళ్లకు వాపు. అలాంటి గుండె మీద సీసాల నీళ్లు అదనపు బరువు. ఆ తల్లి భర్త ఇంట్లో ఉన్న వేలి మిషను పెట్టి చూశాడట, 98 వచ్చిందట, అందుకే రక్తం బాగుందనుకున్నాడట. కరోనా తరువాత చాలా ఇళ్లలో ఆ మిషను ఉంది గనుక చెబుతున్నాను. అది చెప్పేది ఉన్న బండ్లలో ఎన్ని నిండుగా పోతున్నాయో. మొత్తం బండ్లు ఎన్ని ఉన్నాయో అది చెప్పదు. వందకు బదులు నలభై బండ్లే ఉన్నా, అవి నిండుగా ఉంటే 98 అనే చూపిస్తుంది. రక్తహీనత తెలియాలంటే సూదితో రక్తం తీసి చూడవలసిందే.

ఐరన్ మాత్రలు ఇస్తే మలం నల్లగా వస్తోందని మానేస్తారు. నల్లగా రావడం మామూలే, భయం లేదు. టీతో మాత్రం వేసుకోకండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. తోటకూర, గోంగూర తినండి, పల్లీలు బెల్లం తినండి, వీలున్నవారు కాలేయం, మాంసం, గుడ్డు తినండి. చెప్పులు లేకుండా చేనుకు పోయేవారికి కొంకి పురుగులు పాదాల గుండా ఒంట్లో చేరి పేగులలో రక్తం తాగుతాయి. కాబట్టి పురుగుల మాత్ర కూడా వేయించుకోవాలి. ఐరన్ మాత్రలో తోడుగా ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబులో తయారు చేసిన బృందాన్ని, 1945లో, లెడర్లీ కంపెనీలో నడిపింది కూడా ఆ సుబ్బారావు గారే. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర ఆయన బృందం నుండే 1947లో వచ్చింది. ఆయన 1948లో, 53 ఏళ్లకే చనిపోయారు. ఆయన పేరు మన బడిపిల్లలలో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

రెండవది తలుపు. షుగరు వ్యాధిలో రక్తం నిండా గ్లూకోజు ఉంటుంది గాని, ఇన్సులిన్ సరిగా పనిచేయక కండరాల కణంలోకి పోదు. గడప ముందు కట్టెలు కుప్పగా పడి ఉన్నా లోపల పొయ్యి వెలగదు. అందుకే ఆ మనిషికి ఆకలి, దాహం, మాటిమాటికీ మూత్రం, విపరీతమైన నీరసం. అప్పుడు రక్తం చూడకుండా గ్లూకోజు సీసా ఎక్కిస్తే ఏమవుతుందో మీరే చెప్పగలరు. షుగరు ఉందని తెలియక నీరసానికని సీసాలు పెట్టించుకుని, స్పృహ తప్పే స్థితిలో ఇక్కడికి వచ్చినవారిని మేము చూశాము. వేలి మీద ఒక్క చుక్క రక్తంతో నిమిషంలో తెలిసిపోయే సంగతి అది.

థైరాయిడు తగ్గినా పొయ్యిలన్నీ మందగిస్తాయి. క్షయలో ఆకలి పోయి ఒళ్లు తన కండనే కాల్చుకుంటుంది. రెండు వారాలు దాటిన దగ్గుతో నీరసం ఉంటే తెమడ పరీక్ష ఆలస్యం చేయకండి. మనసు కుంగినా నీరసమే వస్తుంది, దానికి కూడా సీసా మందు కాదు.

రాత్రిపూట చెట్టు, మూసిన గదిలో కుంపటి

రాత్రిపూట చెట్టు కింద పడుకుంటే చెట్టు మన ఆక్సిజను లాగేసుకుంటుందా అని చాలామంది అడుగుతారు. చెట్టు కూడా పగలూ రాత్రీ ఊపిరి తీసుకుంటుంది. పగలు ఆకు పని దానికి ఎన్నో రెట్లు ఎక్కువ జరుగుతుంది గనుక ఆక్సిజను బయటకు వస్తుంది. రాత్రి ఆకు పని ఆగి ఊపిరి మాత్రం మిగులుతుంది. కాని అది తీసుకునేది చాలా తక్కువ, పైగా ఆరుబయట గాలి కదులుతూనే ఉంటుంది. గదిలో ఒక పూలకుండీ కంటే పక్కన పడుకున్న మనిషి ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజను వాడుకుంటాడు. వేపచెట్టు కింద మంచం వేసుకోండి, పురుగూ పుట్రా చూసుకుంటే చాలు. వార్డులో పూల గుత్తులు వద్దని మేము చెప్పేది ఆక్సిజను కోసం కాదు, ఆ కుండీ నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయని.

నిజంగా భయపడవలసింది బాలింత గదిలో పెట్టే నిప్పుల కుంపటికి. చలికాలంలో తల్లీబిడ్డలకు వెచ్చగా ఉండాలని తలుపులు, కిటికీలు బిగించి, సందులకు గుడ్డలు కుక్కి, బొగ్గుల కుంపటి పెట్టి పడుకోబెడతారు. గాలి చాలక బొగ్గు సగం సగం మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజను కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బండ్లన్నీ దానితో నిండిపోయి ఆక్సిజనుకు చోటు ఉండదు. తలనొప్పి, వికారం, మగత, అలాగే నిద్రలోకి జారిపోతారు. ఇక్కడ కూడా వేలి మిషనును నమ్మకండి, కార్బన్ మోనాక్సైడును ఆక్సిజనుగా లెక్కపెట్టి బాగానే ఉందని చూపిస్తుంది. మూసిన గదిలో జనరేటరు నడిపినా ఇదే ప్రమాదం.

బిడ్డకు వెచ్చదనం కావాలంటే టోపీ, సాక్సులు వేసి తల్లి గుండెకు ఆనించి దుప్పటి కప్పండి. సాంబ్రాణి పొగ మానుకోండి. కుంపటి పెట్టిన గదిలో ఎవరైనా మగతగా కనబడితే ముందుగా తలుపులు తెరిచి, అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఆసుపత్రికి వచ్చాక, కుంపటి పెట్టిన గది నుండి తెచ్చామని మొట్టమొదట డ్యూటీ సిస్టరుకు చెప్పండి. మాస్కుతో ఆక్సిజను వెంటనే మొదలుపెట్టడానికి ఆ ఒక్క మాట చాలు.

— నర్సింగ్ సూపరింటెండెంట్